157 కాదు, 25: ఒక స్పానిష్ మాన్యువల్‌లో హెర్ట్జ్ తెచ్చిన చిక్కు

స్పానిష్, ఇంగ్లీషుల మధ్య టెక్నికల్ అనువాదం నా వృత్తి. స్పానిష్ నేర్చుకున్నది హైదరాబాద్ తార్నాకలో, ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం). ఇప్పుడు హబ్సిగూడలో ఒక చిన్న ఆఫీసు, నాతో కలిపి ముగ్గురం. మా పనిలో సగానికి పైగా మందుల కంపెనీల నుంచే వస్తుంది: మెషీన్ మాన్యువల్స్, క్వాలిఫికేషన్ కాగితాలు, ఆడిట్ జవాబులు. ఈ కేసు అలాంటి ఒక క్లయింట్‌దే. వాళ్ల అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను. పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకి ఎన్నిసార్లు అన్న లెక్కని, కొలిచే హెర్ట్జ్ అనే ఒక్క ప్రమాణం పేరు, దాని గుర్తు, దాని ముందు ఉండే అంకె మూడూ మూడు వేర్వేరు విషయాలని నాకు బాగా తెలిసొచ్చింది ఈ పనిలోనే.

నేపథ్యం

నగరం శివార్లలో ఉన్న ఆ యూనిట్ స్పెయిన్ నుంచి ఒక వైబ్రో సిఫ్టర్ తెప్పించుకుంది. పొడిని జల్లించే పెద్ద జల్లెడ అన్నమాట. కింద ఒక మోటారు, దాని ఇరుసుకు రెండు వైపులా ఒక పక్కకి బరువెక్కువ ఉండే దిమ్మలు. మోటారు తిరిగినప్పుడల్లా ఆ దిమ్మలు జల్లెడని ఊపుతాయి. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అన్ని ఊపులు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కేసంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మాకు ఇచ్చిన పని రెండు భాగాలు. స్పానిష్ మాన్యువల్‌ని ఇక్కడి సిబ్బంది కోసం ఇంగ్లీషులోకి తేవాలి. తర్వాత, క్లయింట్ వాళ్ల మెక్సికో యూనిట్‌కి కూడా అలాంటి మెషీనే వెళ్తోంది కాబట్టి, ఇక్కడ ఇంగ్లీషులో రాసుకున్న ఆపరేటింగ్ విధానాలతో సహా మొత్తాన్ని తిరిగి స్పానిష్‌లోకి మార్చాలి. మాన్యువల్ స్పానిష్‌లోనే ఉంది కదా, రెండో భాగం సులువే అనుకున్నాం. ఆ అనుకోవడం ఎంత తప్పో తర్వాత చెప్తాను.

వచ్చిన సమస్య

ఇంగ్లీషు మాన్యువల్ పంపిన మూడో వారంలో మెయింటెనెన్స్ ఇంజినీరు ఫోన్ చేశారు.

"మేడం, మీ మాన్యువల్‌లో ఊపు పౌనఃపున్యం 157 హెర్ట్జ్ అని ఉంది. నా మీటర్‌లో 157 దగ్గర ఏమీ లేదు. గీత 25 దగ్గర లేస్తోంది. మెషీన్ తేడానా, కాగితం తేడానా?"

ఆయన చేతిలో ఉన్నది వైబ్రేషన్ మీటర్. మెషీన్ ఒంటికి సెన్సర్ అంటిస్తే ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఊపు ఉందో తెర మీద నిలువు గీతలుగా చూపిస్తుంది. ఆయన పంపిన ఫొటో నా దగ్గర ఇంకా ఉంది. నల్లటి తెర, కింద అడ్డంగా అంకెలు. 25 మీద తాటిచెట్టులా ఒక పొడవాటి గీత, 50 మీద అందులో పావు వంతు, 75 మీద ఇంకా చిన్నది. 157 మీద నేల చదును. అప్పటికే ఆయన సెన్సర్ సరిగ్గా అంటలేదేమోనని రెండుసార్లు పీకి మళ్లీ అంటించారు. రెండు షిఫ్టులు మెషీన్ ఆగిపోయింది. బ్యాచ్ ఆగితే ఆ ఇంజినీరు మీద ఎంత టెన్షన్ ఉంటుందో మందుల కంపెనీల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

నేను వెంటనే మూలం తెరిచాను. మూలంలో కూడా 157 ఉంది. "అంకె మూలంలో అలాగే ఉందండీ" అని జవాబిచ్చాను. అది తొందరపాటు. అంకెని చూశాను, అంకె పక్కన ఏముందో చూడలేదు.

ఎక్కడ తప్పింది

మూలంలో 157 పక్కన హెర్ట్జ్ లేదు. ఎస్ అక్షరం, దాని భుజం మీద చిన్నగా మైనస్ ఒకటి. ఫిజిక్స్ చదివినవాళ్లు సెకండ్ ఇన్వర్స్ అంటారు, అంటే సెకనుకి అని. మా పదకోశంలో ఆ గుర్తుకి ఎదురుగా హెర్ట్జ్ అని రాసి ఉంది. ఎప్పుడో ఒక లేజర్ పరికరం పనిలో పల్సుల సంఖ్యకి ఆ గుర్తు వస్తే, అక్కడ సరిపోయింది కాబట్టి అలా చేర్చాను. మా అనువాద సాఫ్ట్‌వేర్ ఆ నియమాన్ని నమ్మకంగా ఇక్కడా వాడింది.

పైకి చూస్తే ఆ నియమంలో తప్పేమీ కనిపించదు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఒకసారి అనే కదా. చిక్కంతా దేన్ని లెక్కపెడుతున్నాం అన్న దగ్గర ఉంది. ఆ సంగతి పట్టుకున్నది నేను కాదు, మా ఆఫీసులో అందరికంటే చిన్నమ్మాయి. ఇంటర్ తెలుగు మీడియంలో చదివింది. ఫొటోని, మూలాన్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "అక్కా, 157ని 25తో భాగిస్తే ఆరు పాయింట్ రెండు ఎనిమిది. అది రెండు పై (π) కదా. ఇది పౌనఃపున్యం కాదు, కోణీయ వేగం" అంది.

అదే నిజం. మోటారు వేగం నిమిషానికి 1500 చుట్లు. అరవైతో భాగిస్తే సెకనుకి 25 చుట్లు, అంటే 25 హెర్ట్జ్. రేడియన్ కోణాన్ని కొలిచే ప్రమాణం. ఒక చుట్టుకి రెండు పై రేడియన్లు, కాబట్టి సెకనుకి 157 రేడియన్లు. కోణీయ వేగం అంటే ఇదే. రేడియన్‌కి కొలతల లెక్కలో పరిమాణం లేదు. నిడివిని నిడివితో భాగిస్తే వచ్చే ఒట్టి సంఖ్య అది. అందుకని చాలామంది ఇంజినీర్లు రేడియన్ అనే మాట వదిలేసి సెకండ్ ఇన్వర్స్ అనే రాస్తారు. లెక్క తప్పదు, కానీ చదివేవాడికి అది చుట్ల సంఖ్యో రేడియన్ల సంఖ్యో గుర్తుని బట్టి తెలియదు. పట్టిక శీర్షికలో 'వెల్. ఆంగ్.' అని ఉంది, కోణీయ వేగానికి స్పానిష్ పొట్టిరూపం. మనిషి పేజీ మొత్తం చూస్తే పట్టుకోవచ్చు. కానీ అనువాద సాఫ్ట్‌వేర్ పట్టికని గడులుగా కోసి ఒక్కో గడినీ విడిగా చూపిస్తుంది. శీర్షిక నాలుగో పేజీలో ఒకరికి వచ్చింది, అంకె ఉన్న గడి మరొకరికి వచ్చింది. శీర్షికలోని పొట్టిరూపం కూడా మా చేతిలో ఒట్టి 'వేగం' అయిపోయింది.

చేసిచూసినవి, చెడినవి

మొదటి ఆలోచన: పదకోశంలో ఆ వరస తీసేసి, మూలంలో సెకండ్ ఇన్వర్స్ ఉన్నచోటల్లా అదే గుర్తు అలాగే ఉంచడం. అనువాదకురాలిగా నాకు ఇది పరిశుభ్రంగా అనిపించింది, మనం ఏదీ కలపలేదు, ఏదీ తీయలేదు అని. సవరించిన పేజీలు పంపాను. ఇంజినీరు మళ్లీ ఫోన్ చేశారు. "నాకు అర్థమైంది మేడం. కానీ రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కి ఈ గుర్తు చూపిస్తే వాడేం చేస్తాడు?" ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. మూలంలోని అస్పష్టతని జాగ్రత్తగా ఇంకో భాషలోకి మోసుకెళ్తే చదివేవాడికి మేలు జరగదు.

రెండో ప్రయత్నం దానికి పూర్తిగా వ్యతిరేకం. క్లయింట్ వైపు ఒకరు అన్నీ హెర్ట్జ్‌లోకి మార్చేయమన్నారు. ఒకే ప్రమాణం ఉంటే ఎవరికీ గందరగోళం ఉండదని వాళ్ల వాదన. ఒక నకలు మీద చేసి చూశాం. 157 చక్కగా 25 అయింది. నిమిషానికి 1500 చుట్లు కూడా 25 హెర్ట్జ్ అయింది, అక్కడే ఇబ్బంది మొదలైంది. మోటారు మీద అతికించిన రేకు మీద 1500 అని చెక్కి ఉంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు రేకునీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రేకు మీద లేని అంకె కాగితంలో ఉంటే వివరణ రాసుకోవాలి. ఇక తొట్టికి తగిలించిన నాకర్ సంగతి. పొడి గోడలకి అంటుకోకుండా అది నిమిషానికి 12 దెబ్బలు కొడుతుంది. మా నకలులో అది 0.2 హెర్ట్జ్ అయింది. లెక్క తప్పు కాదు. కానీ వాచీ చూసుకుని దెబ్బలు లెక్కపెట్టే మనిషికి ఆ అంకెతో పని లేదు. ఆ నకలు పక్కన పడేశాం.

ఈ రెండూ చెడ్డాక నాకు తేలిందేమిటంటే, ఆ మాన్యువల్‌లో పౌనఃపున్యం లాంటి అంకె కనిపించిన ప్రతి చోటా ఒకే పని చేయలేం. ఒక్కోచోట ఆగి అది దేని లెక్కో అడగాలి.

పనికొచ్చింది

ఒక పొడవాటి కాగితం మీద పట్టిక గీశాం. సాఫ్ట్‌వేర్‌లో కాదు, చేత్తో. పేజీ నంబరు, అంకె, మూలంలో గుర్తు, లెక్కపెడుతున్న వస్తువు, అంకె ఎవరు వాడతారు. చివరి గడి నేను పట్టుబట్టి పెట్టించాను, ఎందుకంటే రాత్రి షిఫ్టు ఆపరేటర్ ప్రశ్న నా మనసులోంచి పోలేదు.

మోటారు వేగం రేకు మీద ఉన్నట్టే నిమిషానికి చుట్లలో ఉంచాం. నాకర్ దెబ్బలు దెబ్బలుగానే. కరెంటు, సెన్సర్ ఫిల్టర్ హెర్ట్జ్‌లో. 157 మాత్రం మేమే మార్చలేదు. మెషీన్ తయారీదారులకి క్లయింట్ ద్వారా లిఖితంగా ప్రశ్న పంపాం: ఫలానా పేజీలో ఈ అంకె కోణీయ వేగమే కదా, రేడియన్ అని స్పష్టంగా రాయవచ్చా? మా లెక్క సరైనదని అప్పటికే ఖాయంగా తెలుసు. అయినా అడిగింది ఎందుకంటే, మూలం ఒకటి చెప్పి అనువాదం మరొకటి చెప్తే రేపు ఎవరైనా రెండూ పోల్చినప్పుడు అనువాదాన్నే అనుమానిస్తారు. మూలమే సరిదిద్దుకుంటే రెండు వైపులా ఒకే మాట ఉంటుంది. వాళ్లు వెంటనే ఒప్పుకుని సవరణ పేజీ పంపారు. ఆ పేజీలో 157 రేడియన్ పర్ సెకండ్ అని, దాని కిందే ఊపు పౌనఃపున్యం 25 హెర్ట్జ్ అని విడిగా ఒక వరస. ఆ రెండో వరస చూసి ఇంజినీరు గారికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

అంకెల్లో చుక్క, కామా గొడవ కూడా ఈ పట్టిక వల్లే బయటపడింది. స్పెయిన్‌లో వేలకి చుక్క, దశాంశానికి కామా. సెన్సర్ ఫిల్టర్ దగ్గర మూలంలో ఒకటి, కామా, ఐదు వందలు, కిలోహెర్ట్జ్ అని ఉంది. అంటే ఒకటిన్నర కిలోహెర్ట్జ్. మేం కామా అలాగే ఉంచేశాం. మన కళ్లకి అది పదిహేను వందల కిలోహెర్ట్జ్, వెయ్యి రెట్లు ఎక్కువ. ఆ సెన్సర్ మెనూలో అంత పెద్ద విలువ పెట్టడమే కుదరదు కాబట్టి నష్టం జరగలేదు.

మెక్సికో వైపు

స్పానిష్ ఒకటే భాష, స్పెయిన్ మాన్యువల్‌ని కొద్దిగా సర్ది పంపేస్తే చాలు అనుకున్నామని పైన చెప్పాను. మొదటి అడ్డంకి ప్రమాణం పేరు దగ్గరే వచ్చింది. స్పెయిన్‌లో ఈ ప్రమాణాన్ని హెర్సియో అంటారు. రాసేటప్పుడు ముందు హెచ్ ఉంటుంది, పలకరు. బహువచనం హెర్సియోస్. ఇది స్పానిష్ నోటికి తగ్గట్టు మలుచుకున్న రూపం. మెక్సికోలో కొలతలకి వాళ్ల అధికారిక ప్రమాణం నోమ్-008 ఉంది. అందులో పేరు హెర్ట్జ్ అనే ఉంటుంది. హెర్సియో అని రాస్తే మెక్సికో ఇంజినీరుకి అర్థం కాకపోదు. కానీ బయటి దేశం కాగితాన్ని అలాగే అంటించారన్న భావన కలుగుతుంది. అక్కడి యూనిట్‌లో మిగతా కాగితాలన్నిట్లో ఒక పేరు, మన కాగితంలో ఇంకో పేరు ఉంటే శిక్షణలో కూడా ఇబ్బందే. కాబట్టి మెక్సికో ప్రతిలో హెర్ట్జ్ అని నిర్ణయించాం. ఇంగ్లీషులోనూ హెర్ట్జే, ఏకవచనమైనా బహువచనమైనా అదే రూపం. గుర్తు, అంటే పెద్ద హెచ్, చిన్న జెడ్, ఎక్కడైనా ఒకటే. దానికి భాష లేదు, బహువచనం లేదు, చివర చుక్క లేదు.

తర్వాత ఏడాదిలో అదే క్లయింట్ మెక్సికో ప్రతిని ఆధారంగా పెట్టుకుని స్పెయిన్‌లోని ఒక భాగస్వామికి కాగితాలు పంపాల్సి వచ్చింది. ఈసారి మాతో ఉన్న ఫ్రీలాన్సర్ హెర్ట్జ్ ఉన్నచోటల్లా హెర్సియో అని ఒక్క దెబ్బలో మార్చేశాడు. పని అయిపోయిందని పంపాడు. నేను బేరింగుల అధ్యాయం చదువుతున్నాను. అక్కడ ఒక వాక్యం: బాల్, గాడి కలిసే చోట హెర్సియో పీడనం ఇంత దాటకూడదు.

అసలు మాట హెర్ట్జ్ పీడనం. ఇది ప్రమాణం కాదు, మనిషి పేరు. హైన్రిష్ హెర్ట్జ్ 1857లో హాంబర్గ్‌లో పుట్టాడు. విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా ఉన్నాయని 1880ల చివర్లో కార్ల్‌స్రూలో ప్రయోగాలతో చూపించాడు. అందుకే పౌనఃపున్యం ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ పేరుని ఖాయం చేసింది. అంతకుముందు సెకనుకి ఇన్ని సైకిల్స్ అని రాసేవారు, పాత స్పానిష్ కాగితాల్లో ఇప్పటికీ సిక్లోస్ అని కనిపిస్తుంది. అయితే తరంగాల కంటే ముందే, పాతికేళ్లు కూడా నిండకముందే, ఆయన ఇంకో పని చేశాడు. రెండు వంపు తిరిగిన గట్టి వస్తువులు ఒకదానికొకటి ఒత్తుకుంటే ఆ చిన్న చోట ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్క కట్టాడు. ఇవాళ బాల్ బేరింగ్ రూపకల్పన అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ముప్పై ఆరేళ్లకే పోయాడు. ఊగే మెషీన్ మాన్యువల్‌లో ఆయన రెండు పనులూ ఒకే పుస్తకంలో కలుస్తాయి, ఒకచోట ప్రమాణంగా, ఒకచోట పేరుగా. రెండోదాన్ని హెర్సియో అనడం ఆయన పేరుని చెరిపేయడమే. నాకు ఆ రోజు నిజంగా బాధేసింది. మనిషి పేరున్న చోట్లన్నీ తాళం వేసి, మిగతావి మాత్రమే, అదీ ఒక్కొక్కటిగా చూసి మార్చాం.

అసలు పెద్ద నిర్ణయం మాత్రం అంతకుముందు, మెక్సికో ప్రతి తయారుచేస్తున్నప్పుడే, 50 దగ్గర జరిగింది. మనకీ స్పెయిన్‌కీ కరెంటు 50 హెర్ట్జ్. మెక్సికోలో 60. క్లయింట్ ప్రాజెక్టు మనిషి మామూలుగా అన్నారు, "మెక్సికో ప్రతిలో 50 తీసేసి 60 పెట్టండి, చిన్న మార్పే కదా."

నేను కుదరదన్నాను. ఆయనకి కోపం వచ్చింది. అందుకని కాగితం మీద లెక్క వేసి చూపించాను. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారు 50 హెర్ట్జ్ మీద నిమిషానికి దాదాపు 1500 చుట్ల వేగం అందుకుంటుంది, 60 మీద 1800. ఊపు 25 నుంచి 30 హెర్ట్జ్ అవుతుంది. దిమ్మలు పుట్టించే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 1.2 రెట్లయితే బలం 1.44 రెట్లు. అదే దిమ్మలు పెట్టి నడిపితే జల్లెడ మీద 44 శాతం ఎక్కువ బలం పడుతుంది. 50ని 60 చేస్తే వేగం, ఊపు, దిమ్మల అమరిక, బేరింగ్ ఆయుష్షు అన్నీ మారాలి. అవి మార్చే అర్హత అనువాదకులకి లేదు. నేను మార్చగలిగింది మాట వరకే.

ఆయన కాగితం వంక కాసేపు చూసి, తయారీదారులకి ఆయనే మెయిల్ పెట్టారు. 60 హెర్ట్జ్ మోడల్‌కి విడిగా ఒక పట్టిక వచ్చింది, దిమ్మల బరువు తగ్గించి. ఆ పట్టికని అనువదించి చేర్చాం. మెక్సికో ప్రతిలో వేలకి చుక్కా పెట్టలేదు, కామా పెట్టలేదు, మధ్యలో చిన్న ఖాళీ వదిలాం. అంతర్జాతీయ నియమం ఒప్పుకునే పద్ధతి అది, ఏ దేశం కన్నూ దాన్ని తప్పుగా చదవదు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

మొదటిది, పట్టికలున్న ఏ ఫైలైనా ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు ప్రింటు తీసి ఒకరు మొత్తం చదువుతారు. కాగితం ఖర్చు అనిపిస్తుంది. రెండు షిఫ్టులు ఆగిన మెషీన్ ఖర్చు ముందు అదెంత?

రెండోది, పని ఒప్పుకునేటప్పుడే ఏ దేశం స్పానిష్ అని అడుగుతాం. లాటిన్ అమెరికా అని జవాబొస్తే మళ్లీ అడుగుతాం. అర్జెంటీనా, చిలీలలో కరెంటు 50 హెర్ట్జ్. మెక్సికో, కొలంబియా, పెరూలలో 60. ఆ ఒక్క జవాబుతో ప్రమాణం పేరు, చుక్కా కామా పద్ధతి, తయారీదారుల్ని అడగాల్సిన ప్రశ్నలు మూడూ ఒకేసారి తేలతాయి.

లెక్క సరిచూసే పని మాది కాదని కొందరు తోటి అనువాదకులు అంటారు. నేను ఒప్పుకోను. నిమిషానికి చుట్లని అరవైతో భాగించి, రెండు పైతో గుణించి చూడటానికి ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. అంకెలు ఒకదానికొకటి సరిపోకపోతే మనమే మార్చమని కాదు, అడగమని. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్న ఆ చిన్నమ్మాయే ఇప్పుడు మా ఆఫీసులో ప్రమాణాల పట్టిక చూసుకుంటోంది.

పదకోశంలో సెకండ్ ఇన్వర్స్ వరస తీసేయలేదు. ఎదురు గడిలో ఇంతకుముందు హెర్ట్జ్ అని ఉండేది. ఆ అమ్మాయి అది కొట్టేసి 'దేనిదో అడగాలి' అని రాసింది.